కాటుక అరలో నీలం

పిన్నిగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను జంగారెడ్డిగూడెంలో ఒక డాక్టరుగారి గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని, మా కంపెనీ దగ్గుమందు గురించి చెప్పాల్సిన అబద్ధాలను వరుసలో పెట్టుకుంటున్నాను. ఫోను చేసింది ఆవిడ మరిదిగారి అమ్మాయి.

"అన్నయ్యా, దొడ్డమ్మ పోయింది. పొద్దున్న కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూచుని పోయింది."

గ్లాసు కడిగి బోర్లించిందన్న మాటకి నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఇంకోటి వచ్చింది. ఇంతలో లోపల్నుంచి పిలుపు. వెళ్ళి, "ఈ మందు దగ్గుని ఏమీ చెయ్యదండీ" అని డాక్టరుగారితో చెప్పి, బయటికొచ్చి రాజమండ్రి బస్సెక్కాను. మెడికల్ రిప్రజెంటేటివ్‌గా నా సర్వీసు మొత్తంలో డాక్టరుకి చెప్పిన నిజం అదొక్కటే. ఆయన నమ్మలేదు. ఆ నెల ఆ ఊరినుంచి దగ్గుమందు ఆర్డరు రెట్టింపు వచ్చింది.

నేను చెప్పేవాటిలో సగం నమ్మొద్దని మా ఆవిడే నలుగురిలో ప్రకటిస్తూ ఉంటుంది. పిన్నిగారి విషయంలో మాత్రం లెక్క వేరు. నమ్మశక్యం కానివన్నీ జరిగినవి. మామూలుగా ఉన్నవేమైనా తగిలితే అవి నేను కలిపినవి.

ఆవిడ నాకు ఏ వరసా కారు. రాజమండ్రిలో, గోదారి రేవుకి నడిచి వెళ్ళేంత దూరంలో, ఆవిడ మేడ మీది గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. నేను దిగిన ఏడాదే బాబాయిగారు పోయారు. కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు ఊరగాయ జాడీలతో సహా వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను కిందికి పిలిచి అటక మీది ఇత్తడి కుంకుమభరిణె దింపమన్నారు.

ఆ భరిణె గురించి చెప్పాలి. వాళ్ళ అత్తగారు ఇద్దరు కోడళ్ళకీ ఒకే అచ్చున చేయించి పెట్టిన జత భరిణెల్లో ఒకటది. రెండోది నిడదవోలులో తోడికోడలి దగ్గరుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మూత తీస్తే నాలుగు అరలు: పసుపుకి, కుంకానికి, గంధానికి, కాటుకకి. మూత లోపలివైపు చిన్న అద్దం. ఇక ఆవిడకి దాంతో పని లేదు కదాని ఎవరో చుట్టం శ్రద్ధగా ఖాళీ చేసి, తోమి, అటకెక్కించింది.

"ఖాళీగా ఉంచితే చిలుం పడుతుందోయ్ మందులబ్బాయ్" అన్నారు పిన్నిగారు.

"ఏం పోస్తారండీ?"

"రంగులు."

"బొమ్మలేస్తారా మీరు? ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"నేర్చుకున్నవాళ్ళెవరైనా వేస్తున్నారా?"

నేను అటకెక్కి భరిణె దింపాను.

నిజానికి ముందు ఆవిడ బజార్లో పుస్తకాల కొట్టుకి వెళ్ళి రంగులపెట్టె అడిగారట. కొట్టాయన హార్మోనియం అంత చెక్కపెట్టె బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని ఎత్తి చూసి, "దీంతోపాటు కూలీని కూడా ఇస్తారా?" అని అడిగి, బడిపిల్లలు వాడే చిన్న ట్యూబులు నాలుగు కొనుక్కుని వచ్చేశారు. ఆవిడకి కావలసిన పెట్టె కూరల సంచీలో పట్టాలి, ఎక్కడ కూర్చుంటే అక్కడ తెరుచుకోవాలి, ఎవరైనా వస్తే బెండకాయల కింద దాక్కోవాలి.

రంగుల ఎంపికలో ఆవిడ భరిణెకి అన్యాయం చెయ్యలేదు. పసుపు అరలో పసుపుపచ్చ. కుంకం అరలో ఎరుపు. గంధం అరలో బురద రంగు, ఎందుకంటే ఆషాఢం దాటాక గోదారికి నీలం అక్కర్లేదు. కాటుక అరలో ముదురు నీలం. ఎండిపోయాక అది అచ్చం కాటుకలాగే నల్లగా నిగనిగలాడేది. తడి కుంచె తగిలితేనే నీలమని ఒప్పుకునేది.

ఒక్కసారిగా పిండితే లోపల ఆరదని, కొంచెం కొంచెంగా, పొర మీద పొర, నీడన ఆరబెట్టారు. మొదటి వాయి ఎండాకాలం చేనులాగా బీటలు తీసింది. గీకేసి మళ్ళీ పిండి, ఈసారి ప్రతి పొరలోనూ ఒక చుక్క తేనె కలిపారు. బీటలు పోయాయి. మర్నాడు పొద్దున లేచి చూస్తే పసుపు అర ఖాళీ! గోడ వెంట పచ్చటి చీమలు బారులు తీరి వెళుతున్నాయి. (ఇది నేను కలిపింది కాదు.) అప్పుడావిడ దేవుడి గూట్లోంచి పచ్చకర్పూరం తెచ్చి, నలిపి, అన్నిట్లోనూ కలిపారు. చీమలు ఆ ఇంటి వైపు మళ్ళీ రాలేదు. భరిణె తీస్తే మాత్రం గర్భగుడిలోంచి వచ్చినట్టు గుమ్మని వాసన.

మిగతా సరంజామాకి నా వృత్తి అక్కరకొచ్చింది. ఖాళీ కంటిచుక్కల సీసా ఆవిడ నీళ్ళకుండ. "పూటకి రెండు చుక్కలు, భోజనానికి ముందు" అని నేను చీటీ అంటిస్తే ఆవిడ పీకలేదు. బడిపిల్లల కుంచె తోక కోసి, అయిపోయిన బాల్‌పెన్ను గొట్టంలో తలకిందులుగా దూర్చారు. బయటికి తీసి తిరగేస్తే కుంచె, లోపలికి తోస్తే పెన్ను. టానిక్ సీసా తెల్లమూత రంగులు కలుపుకోడానికి. బాబాయిగారి పంచె చింపిన గుడ్డముక్క కుంచె తుడవడానికి.

"ఆయన బతికుండగా ఒక్క పనికీ సాయం రాలేదు" అనేవారు ఆ గుడ్డతో కుంచె ఒత్తుతూ. "ఇప్పుడు చూడు, ఎంత బుద్ధిగా ఉన్నారో."

ఇక కాగితం. మందపాటి కాగితం కొనడమెందుకు, పెళ్ళి శుభలేఖలు వచ్చి పడుతుంటే? ఒకవైపు బంగారు వినాయకుడు, 'సకుటుంబ సపరివార సమేతంగా'. రెండోవైపు ఖాళీ.

"కార్డు వేస్తారు, మనిషిని మటుకు రమ్మనరు" అన్నారొకసారి, కార్డుని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "పోన్లే, కాగితం మంచిది వాడారు."

ఆవిడ బొమ్మలు వేసే పద్ధతి లోకంలో ఇంకెక్కడా ఉండదు. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే శకునం బాగోదని జనం తప్పుకుంటారు కదా. రేవులో మెట్ల మీద ఈవిడ కూర్చుంటే స్నానానికి వచ్చినవాళ్ళు మొహం తిప్పుకుని పక్క మెట్లు దిగేవారు. మొహం తిప్పుకుంటే బొమ్మెలా వేస్తారు? అందుకని ఆవిడే తిరిగి కూర్చున్నారు. జనానికి వీపు పెట్టి, భరిణె మూత నిలబెట్టి, అందులో అద్దం చూస్తూ వాళ్ళని వేసేవారు. ఒక్కో మనిషి సరిగ్గా పట్టేంత అద్దం. వాళ్ళు ఈవిణ్ణి చూడలేదు కాబట్టి శకునం బాగుంది. ఈవిడకి వాళ్ళు కనపడ్డారు కాబట్టి బొమ్మ బాగుంది.

ఒక్కటే చిక్కు. ఆవిడ బొమ్మల్లో అందరూ ఎడంచేతి వాటం. పురోహితుడు ఎడంచేత్తో అక్షింతలు వేసేవాడు. ముత్తయిదువ ఎడంచేత్తో దీపం వదిలేది. మరిదిగారు నిడదవోలునుంచి వచ్చి భోంచేస్తుంటే పెరట్లోంచి ఆయన్ని వేశారు. ఆయన కార్డు పట్టుకుని కంపించిపోయారు.

"నేను ఎడంచేత్తో తింటానా వదినా?"

"నాకలాగే కనపడ్డారు మరి."

మరిదిగారు చెడ్డవారు కారు. ఆయన దేనికైనా శాస్త్రం చూస్తారు, అంతే. శాస్త్రంలో ఉంటే ఎంత కష్టమైనా చేస్తారు. లేకపోతే కాఫీ కూడా తాగరు. వదినగారు రేవులెంట సంచీ వేసుకుని తిరుగుతోందని ఆయన చెవిన పడింది. ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. ఏడాది తిరిగాక ఆయన కూతురికి పిఠాపురం సంబంధం కుదిరింది. తాంబూలాలకి రమ్మని పిన్నిగారికి కబురొచ్చింది. కబురుతోపాటు తోకొకటి: పెట్టె సర్దుకునే రండి, ఇక మీరు మా దగ్గరే ఉంటారు, కింది వాటా ఎవరికో మాట ఇచ్చేశాను.

ఆవిడ పెట్టె సర్దలేదు. కూరల సంచీ సర్దారు.

"మందులబ్బాయ్, నువ్వూ రా. తీసుకెళ్ళినవాడివి తీసుకొచ్చే పూచీ నీదే" అన్నారు. పాసింజరు రైలు వంతెన మీద వెళ్తుంటే కిటికీ దగ్గర కూర్చున్నారు గానీ, భరిణె తియ్యలేదు. గోదారినే చూస్తున్నారు. ఆవిడ ఊరికే చూస్తూ కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.

నిడదవోలులో దిగగానే మరిదిగారు విషయం తేల్చేశారు.

"వచ్చే నెల్లో అద్దెవాళ్ళు దిగుతున్నారు వదినా. మీకు వెనక గది బాగుచేయించాను. కృష్ణా రామా అనుకుంటూ ఉందురుగాని. మీరలా రేవుల్లో కూచుని బొమ్మలేస్తున్నారంటే పెళ్ళివారేమనుకుంటారు చెప్పండి?"

"అడిగి చూడకపోయారా?"

"వదినా! ఇవాళ ఒక్కపూట వసారాలోనే ఉండండి. వాళ్ళకి ఎదురు రాకండి."

"అలాగే. ఎదురు రాను."

పిఠాపురం వాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువమంది దిగారు. పెళ్ళికొడుకు తల్లి ఎర్ర పట్టుచీరలో, మనిషి కంటే ముందు చీర నడిచొస్తున్నట్టుగా ఉన్నారు. పిన్నిగారు వెనక వసారాలో అరుగు మీద, హాలుకి వీపు పెట్టి కూర్చుని, సంచీలోంచి భరిణె తీసి మూత నిలబెట్టారు. నేను పక్కన కూర్చుని కాపలా. ఒక శుభలేఖ వెనకాల ఆ పట్టుచీర దిగడం మొదలెట్టింది. ఎరుపు అర తడితడిగా మెరుస్తోంది. చీర అయ్యాక ఆవిడ భరిణె మూసి అరుగు మీదే పెట్టి, గుడ్డ జాడించుకోడానికి నూతి దగ్గరికి వెళ్ళారు. నన్నెవరో పకోడీలకి పిలిచారు. పకోడీల పిలుపుకి నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

లోపల తాంబూలాలు అయిపోయాయి. వర్జ్యం వచ్చేస్తోంది, ఈలోపే గడప దాటాలని పెళ్ళివారి హడావిడి. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పంపాలి. పళ్ళెంలో వెండిగిన్నెతో కుంకం సిద్ధంగా ఉంది. మరిదిగారు "కానీండి, కానీండి" అంటూ గిర్రున తిరిగేసరికి ఆయన కండువా కొస తగిలి, గిన్నె కాస్తా నేల మీద బోర్లాపడింది. కిందపడ్డ కుంకం మనిషికి పెట్టకూడదు. తోడికోడలు దేవుడి గదిలో ఉన్న తన భరిణె కోసం పరుగెత్తారు. దారిలో అరుగు మీద భరిణె కనపడింది. అదే అచ్చు, అదే ఇత్తడి. ఇక్కడెవరు పెట్టారర్రా అని కూడా అనుకోకుండా పట్టుకుని వెనక్కి పరుగెత్తారు.

నేను పకోడీ నోట్లో ఉండగా హాలు గుమ్మంలోంచి చూశాను. తోడికోడలు మూత తీశారు. కుంకం తడిపి ఉంది, మంచిదే అనుకున్నారు కాబోలు. ఉంగరం వేలితో పెళ్ళికొడుకు తల్లి నుదుట గుండ్రంగా బొట్టు పెట్టారు. పన్నీటిబుడ్డిలోంచి రెండు చుక్కలు గంధం అరలో చిలకరించి, వేలితో రంగరించి, మెడకి రాశారు. వరదగోదారి ఆవిడ మెడ మీదికి దిగింది.

"అబ్బ, చల్లగా ఉందండీ" అన్నారు ఆవిడ. తర్వాత భరిణెలోకి తొంగిచూసి, "కాటుక కూడా ఇంట్లో పట్టిందేనా?" అని అడిగారు.

"ఇంట్లోదేనండీ" అన్నారు తోడికోడలు గర్వంగా.

పకోడీ నాకు అడ్డం పడింది. నేను దగ్గుతూనే ఉన్నాను. తోడికోడలు ఒక్కొక్కరికే వరసగా పెట్టుకుంటూ పోయారు. చివరి ముత్తయిదువ గుమ్మం దిగుతుండగా, పెళ్ళికూతురు దేవుడి గదిలోంచి వచ్చింది.

"అమ్మా, కుంకం అయిపోయిందన్నారు. ఇదిగో నీ భరిణె."

తోడికోడలు కూతురి చేతిలో భరిణె చూశారు. తన చేతిలో భరిణె చూశారు. తర్వాత నూతి దగ్గర్నుంచి గుడ్డ పిండుకుంటూ వస్తున్న పిన్నిగారిని చూసి, ఉన్నచోటే చతికిలబడ్డారు. పిల్ల మాత్రం పైటచెంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఏడుస్తోందనుకుని ఎవరో ఓదార్చబోయారు కూడాను.

మరిదిగారికి విషయం అర్థమయ్యేసరికి మొహంలో నాలుగు అరల రంగులూ వచ్చి పోయాయి.

"ఏం చేశారు వదినా మీరు!"

"నేనేం చేశాను? ఎదురు రావద్దన్నారు, రాలేదు."

"మీ డబ్బాలోది... వాళ్ళ నుదుట... వాళ్ళకి తెలిస్తే సంబంధం ఉంటుందా?"

"వాళ్ళకెవరు చెప్తారు?"

ఆవిడ తన భరిణె తీసుకుని, తీరిగ్గా అరుగు మీద కూర్చుని తుడవడం మొదలెట్టారు.

"రాజమండ్రిలో ఉంటే నాకెవరున్నారు చెప్పడానికి? గోదారికి చెప్తాను, అదెలాగూ అంతర్వేది దాకా వెళ్ళి సముద్రంలో కలిపేస్తుంది. ఇక్కడుంటేనే కష్టం. పెళ్ళివారొస్తూ పోతూ ఉంటారు. నా సంగతి మీకు తెలుసుగా మరిదిగారూ, నోట్లో నువ్వుగింజ నానదు."

ఆ క్షణంలో, నన్నడిగితే, దైవమే పంపినట్టు పెళ్ళికొడుకు తల్లి వీధి గుమ్మంలోంచి మళ్ళీ లోపలికొచ్చారు. మరిదిగారు స్తంభం పట్టుకున్నారు.

"ఏవండీ, అడగడం మర్చిపోయాను. ఆ కుంకం ఎక్కడ కొన్నారండీ? మా ఊళ్ళోది పెట్టిన గంటకల్లా ముక్కు మీద రాలిపోతుంది. ఇది పట్టుకునుంది. పచ్చకర్పూరం కూడా వేసినట్టున్నారు, ఎంత వాసనో!"

తలుపు వెనకనుంచి, ఎదురు రాకుండానే, పిన్నిగారు బదులిచ్చారు.

"ఇంట్లోనే చేస్తామండీ. తేనె వేస్తే బీటలు తియ్యదు."

"అయితే పెళ్ళికి మాకూ చేసి పెట్టాలి మీరు!"

"రాజమండ్రిలో అయితేనే కుదురుతుందండీ. ఇక్కడి నీళ్ళు పడవు."

పెళ్ళికొడుకు తల్లి మరిదిగారి వైపు తిరిగారు. మరిదిగారు ఆ రెండు భరిణెల వైపు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అవునండీ. మా వదిన రాజమండ్రిలోనే ఉంటారు. అక్కడే ఉంటారు."

సాయంత్రం పాసింజర్లో వంతెన మీద పిన్నిగారు భరిణె తీశారు. ఆ బొమ్మ నా దగ్గరుంది. రైలు వెనక్కి వెళ్తున్నట్టుంటుంది.

పెళ్ళికి నిజంగానే పిఠాపురానికి డబ్బాలు వెళ్ళాయి. ఆ ఊళ్ళో ఆ ఏడాది పేరంటాలకి వెళ్ళినవాళ్ళలో సగంమంది బడిపిల్లల ఎరుపు రంగుతోనే వెళ్ళారని నేను చాలాచోట్ల చెప్పాను. సగం అన్నది నా మాట. డబ్బాలు మాత్రం నేనే మోశాను. కింది వాటా అద్దెకి ఇవ్వలేదు. ఆవిడ పదేళ్ళకి పైగా ఆ రేవులో, జనానికి వీపు పెట్టి కూర్చున్నారు. పోను పోను కొంతమంది కావాలనే ఆవిడ వెనకాల నిలబడి జుట్టు సర్దుకునేవారు.

నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఆవిణ్ణి వాకిట్లో పడుకోబెట్టారు. మరిదిగారు బాగా పెద్దవారైపోయారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పురోహితుడితో ప్రతి దర్భకీ శాస్త్రం మాట్లాడుతున్నారు. స్నానం చేయించారు, విభూతి పెట్టారు. ఇంతలో పిఠాపురం కోడలైన ఆ అమ్మాయి లోపల్నుంచి భరిణె పట్టుకుని వచ్చి దొడ్డమ్మ తలదగ్గర కూర్చుంది. మూత తీసింది. కర్పూరం వాసన వాకిలంతా నిండింది.

ఆడవాళ్ళలో గుసగుసలు లేచాయి. "ఏంటమ్మా అది? ఆవిడకి కుంకమేంటి?"

పిల్ల చెయ్యి ఆగింది. తండ్రి వైపు చూసింది. అందరూ ఆయన వైపే చూశారు. ఆయన కుర్చీలోంచి ముందుకి వంగారు.

"అది వదిన భరిణేనా?"

"అదే నాన్నా."

"అది కాదండీ," అని పురోహితుడు ఏదో అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అన్నయ్య పోయినప్పట్నుంచీ అందులో కుంకం ఎప్పుడైనా ఉందిటమ్మా?"

"లేదు నాన్నా. రంగే."

మరిదిగారు పురోహితుడి వైపు తిరిగారు. "రంగు గురించి శాస్త్రంలో ఏముందండీ?"

ఆయన తల గోక్కున్నారు. "రంగు గురించైతే... ఏమీ లేదండీ."

"లేదు కదా? అయితే పెట్టమ్మా."

ఎరుపు అర ఎండిపోయి ఉంది. సంచీలో వెతికితే కంటిచుక్కల సీసా దొరికింది. నా చీటీ సగం చిరిగి ఇంకా దాని మీదే ఉంది. నేను రెండు చుక్కలు వేశాను. పిల్ల ఉంగరం వేలితో అద్దుకుని గుండ్రంగా, పెద్దగా పెట్టింది. బొట్టు పెట్టాక అద్దం చూపించడం అలవాటు కదా. మర్చిపోయి, భరిణె మూత ఎత్తి దొడ్డమ్మ మొహానికెదురుగా పట్టుకుంది.

నేను తలవైపు వంగి ఉన్నాను. అందులో ఆవిడ కాదు, ఆవిడ వెనకాల కుర్చీలో ఉన్న మరిదిగారు కనపడ్డారు. సరిగ్గా ఒక్క మనిషి పట్టేంత అద్దం. ఆయన ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నారు.